నివాసము, అభిజనము, భక్తి: మేలట్టూరు భాగవతమేళనాటకములను గూర్చిన విమర్శ

దక్షిణదేశమునఁ బుట్టిన తెలుఁగు నాటకముల విషయమున మన విమర్శకులలో రెండు మతములు చిరకాలముగా నున్నవి. అవి తెలుఁగు వాఙ్మయమున నంతర్భాగములే యని కొందఱందురు. అవి భాషాదోషభూయిష్ఠములనియు, వానిని గాపాడుకొనివచ్చిన కుటుంబముల యింటిభాషయే తమిళమైపోయినదనియు, కావున నవి మన లెక్కలోనికి రావనియు మఱికొందఱందురు. ఈ వ్యాసకర్త మొన్నమొన్నటివఱకు రెండవ మతమువాఁడు. ఆ మతమును విడుచుటకుఁ గల హేతువులను బండితుల పరిశీలనకై నివేదించుచున్నాఁడను.

ఇందుకుఁ గారణమైన సంగతి చిన్నది. కూచిపూడియందు బాలాత్రిపురసుందరీసమేతుఁడైన రామలింగేశ్వరస్వామి యాలయమున నొకనాఁటి సాయంకాలము, తంజావూరు ప్రాంతమునుండి వచ్చిన యొక వృద్ధుని జూచితిని. తమ పూర్వులు కూచిపూడినుండియే పోయిరని యింటఁ జెప్పుకొందురనియు, ఒక్కసారి కన్నులారఁ జూచిపోవలెనని వచ్చితిననియు నాయన చెప్పెను. మాటలలో మేలట్టూరును 'మా యూరు' అనియు, కూచిపూడిని 'మన యూరు' అనియు వ్యవహరించెను. ఆ భేదమును నేనప్పుడు గమనింపలేదు. ఆయన యొక క్రియారూపమును దప్పుగాఁ బలుకఁగా, ముప్పదియేండ్ల పాఠశాల యలవాటు చొప్పున, "అయ్యా, అట్లు గాదు, ఇట్లనవలెను" అని దిద్దితిని. ఆయన చిఱునవ్వు నవ్వి, తరువాతి మాటలన్నియు సంస్కృతముననే యాడెను. ఆ సంస్కృతమున దోషమొక్కటియు లేదు. నా దిద్దుబాటు వలన నాయన తెలుఁగు మాటాడుటయే మానుకొనెనని యిల్లు చేరిన పిదపఁ గాని నాకుఁ దోఁపలేదు.

ఆ రాత్రి నాకుఁ గలిగిన ప్రశ్న యిది: ఉపద్రవము వలన నూరు విడిచి, పరభాషాప్రాంతమున నాలుగువందల యేండ్లు కాఁపురముండిన కుటుంబమువాఁడు ఎవఁడు? పోయిన చోటివాఁడా, వచ్చిన చోటివాఁడా? ఈ ప్రశ్నకు సమాధానము లేనిదే మేలట్టూరు నాటకములు ఎవరి వాఙ్మయమో తేల్చుట సాధ్యము గాదు.

ముందుగాఁ జరిత్రాంశములను సంగ్రహించెదను. 1565వ సంవత్సరమున రాక్షసి-తంగడి యుద్ధమున విజయనగరసైన్యము భగ్నమయ్యెను. 1579 ప్రాంతమునఁ గొండవీడు గోలకొండ వశమయ్యెను. విజయనగర ప్రభువుల యాశ్రయమున బ్రదికిన పండిత గాయక నర్తక కుటుంబములకుఁ దంజావూరు నాయకరాజ్యము గొప్ప శరణమయ్యెను. అక్కడఁ దెలుఁగువారు అంతకుఁ బూర్వము లేకపోలేదు. సేవప్పనాయకుఁడు 1532 ప్రాంతముననే తంజావూరున నధికారము వహించెను. కావున వలసలన్నియు నొక్క యుద్ధముయొక్క ఫలమే యనుట సరి గాదు. ఐనను ఆ యుద్ధానంతరమే యా ప్రవాహము హెచ్చెను. సేవప్ప కుమారుఁడైన యచ్యుతప్పనాయకుఁడు 510 బ్రాహ్మణకుటుంబములకు ఇండ్లును భూములును నొసఁగి నిలిపెననియు, అచ్యుతపురమని యాయన పేర వెలసిన యా యగ్రహారమే ఉన్నతపురి యనఁబడు మేలట్టూరనియుఁ బరంపర చెప్పుచున్నది. అట్లు వచ్చినవారిలోఁ గృష్ణాతీరపు భాగవతులు నుండిరని యక్కడివారును, ఇక్కడివారును జెప్పుకొందురు. శాలియమంగళము, ఊత్తుక్కాడు, శూలమంగళము, నల్లూరు, తేపెరుమాళ్‌నల్లూరు అను గ్రామములందును ఈ నాటకసంప్రదాయము ప్రవర్తిల్లెను.

1673లో నాయకరాజ్యమంతరించెను. పిదప మహారాష్ట్రప్రభువులు, ఆ పిదప నాంగ్లేయులు వచ్చిరి. ప్రభువులు మాఱిరి గాని నాటకము తెలుఁగుననే నిలిచెను. నేఁడు మేలట్టూరున నాడఁబడు ప్రహ్లాదచరిత్రము, ఉషాపరిణయము, హరిశ్చంద్ర, మార్కండేయచరిత్రము, రుక్మాంగద మున్నగు నాటకములకుఁ గర్త వేంకటరామశాస్త్రి. ఆయన త్యాగరాజస్వామికి సమకాలికుఁడు. అనఁగా వలస జరిగి రెండువందల యేండ్లు గడచిన పిమ్మటివాఁడు. కృష్ణాతీరము ఆయనకుఁ బెద్దల నోట విన్న మాట మాత్రమే.

ఇఁక నా ప్రశ్నకు వ్యాకరణశాస్త్రమున సమాధానము వెదకితిని. పాణిని చతుర్థాధ్యాయ తృతీయపాదమున, 'ఇతఁడు ఫలానిచోటివాఁడు' అను పేరును సాధించు తద్ధితప్రత్యయములను విధించుచు, మూఁడు హేతువులు చెప్పెను. మొదటిది నివాసము, రెండవది యభిజనము, కొన్ని సూత్రముల తరువాతిది భక్తి. నివాసాభిజనములకు భేదమేమని పతంజలి విచారించి, ఇప్పుడు వసించు చోటు నివాసమనియు, పూర్వులు వసించిన చోటు అభిజనమనియు నిర్ణయించెను. స్రుఘ్నమను పురమున వసించువాఁడు స్రౌఘ్నుఁడు. తాను వేఱుచోట వసించినను దన పూర్వులు స్రుఘ్నమువారైనచో వాఁడును స్రౌఘ్నుఁడే. స్రుఘ్నమునందు భక్తిగలవాఁడును స్రౌఘ్నుఁడే. మూఁడు దారులఁ బోయినను సిద్ధించు రూపమొక్కటియే. ఒకటి ముఖ్యము, తక్కినవి గౌణములు అని శాస్త్రమనలేదు.

మఱియొక విశేషము గలదు. పాణినికే శాలాతురీయుఁడని పేరు. ఆ రూపమును సాధించు సూత్రము నివాసార్థమునఁ గాక యభిజనార్థమునఁ జదువఁబడినది. అనఁగా శాలాతురము ఆయన పూర్వుల యూరు. తా నెక్కడ నున్నను ఆ పేరు చెల్లునని శాస్త్రకర్త తన పేరునందే చూపెను. నివాసము మాఱినంతనే మనుష్యుఁడు మాఱిపోవునను మతమునకు వ్యాకరణమునఁ దావు లేదు.

తెలుఁగువారికి ఈ భేదము శాస్త్రము చదివి నేర్వవలసినది గాదు. మన యింటిపేళ్లలో ననేకములు ఊళ్ల పేళ్లే. మన యాఁడుబిడ్డలందఱు పుట్టినిల్లు విడిచి మెట్టినింటికిఁ బోవుచున్నవారే. మెట్టినింటి పేరు వచ్చినదని పుట్టినింటివారు ఆ బిడ్డను గాదనరు. పుట్టినిల్లు తలఁచుకొన్నదని మెట్టినింటివారు ఆమెను బరాయిదాని ననరు. ఇంటిలో నంగీకరించిన న్యాయమును వాఙ్మయమున నంగీకరింపమేల?

త్యాగరాజస్వామి పేరునే విచారింతము. ఇంటిపేరు కాకర్ల, అది యాంధ్రదేశమునందలి పూర్వుల గ్రామము. స్వనామము త్యాగరాజు, అది 1767లోఁ దాను జన్మించిన తిరువారూరి స్వామి పేరు. ఇంటిపేరున నభిజనమును, సొంతపేరున నివాసమును నిలిచినవి. ఆయన కృతులను మనము తెలుఁగు వాఙ్మయమునుండి తొలఁగింపము. కూచిపూడికి సమీపమునందలి మొవ్వ క్షేత్రయ్యయుఁ దంజావూరు, మధుర, గోలకొండ సభలఁ దిరిగినను మువ్వగోపాలముద్రను విడువలేదు. ఏ సభలోఁ బాడినను ఊరి స్వామి పేరు పదమున నుండెను. ఇందుకు విరుద్ధముగా వేంకటరామశాస్త్రికి మేలట్టూరే విశేషణమయ్యెను. ఆయన పేరు నివాసమును జెప్పుచున్నది. ఆయన నాటకభాష యభిజనమును జెప్పుచున్నది. పేరును జూచి నాటకమును బరదేశమునకుఁ బంపుట హేత్వాభాసము.

ఇప్పుడు నాటకముల స్వరూపమును బరీక్షింతము. కూచిపూడి భాగవతమునకును మేలట్టూరు భాగవతమేళమునకును గల పోలికలు ప్రసిద్ధములు. రెండింటను బురుషులే స్త్రీవేషములు ధరించుట సంప్రదాయము. రెండింట గణపతిమోము ధరించిన బాలుఁడు వచ్చును. రెండింటఁ బ్రతి ముఖ్యపాత్రకును బ్రవేశదరువు గలదు. పద్యము, వచనము, దరువు కలసి నడచును. మేలట్టూరున ముందుగా వచ్చు కోణంగి యక్కడి సొమ్ము. ఇవి బాహ్యములు. నాకు ముఖ్యముగాఁ దోఁచినది కథాప్రాధాన్యము.

కూచిపూడియందు సిద్ధేంద్రయోగి భామాకలాపము ప్రధానము. సత్యభామ యలుకయు, విరహమును, సంధియు నందలి విషయము. మేలట్టూరునఁ బ్రహ్లాదచరిత్రము ప్రధానము. వైశాఖమున నృసింహజయంతి నాఁడు వరదరాజస్వామి సన్నిధి నాడఁబడును. ప్రహ్లాదకథ కూచిపూడికిఁ గ్రొత్త గాదు. నృసింహభక్తియు వలసపోయిన చోటఁ బుట్టినది గాదు. కృష్ణాతీరమున మంగళగిరి, వేదాద్రి ఆ స్వామి క్షేత్రములే. భేదము ప్రాధాన్యమునందే యున్నది. పోవువారు కొండను గాని, గుడిని గాని మోసికొనిపోలేరు. మొగమునఁ దొడుగు నృసింహప్రతిమను గొనిపోఁగలరు. మేలట్టూరున నా ప్రతిమకుఁ బూజ గలదు. దానిని ధరించువాఁడు ఉపవాసాది నియమములతో ధరించును. ఇఁకఁ గథను జూడుఁడు. దేవుఁడెక్కడ నున్నాఁడని తండ్రి యడుగును. అంతటను గలఁడని కొడుకు చెప్పును. ఎదుటి స్తంభమునుండియే స్వామి వెడలును. తన గుడిని విడిచి వచ్చిన సమాజమునకు ఇంతకంటె నాశ్వాసమిచ్చు కథ వేఱొకటి నాకుఁ దోఁపదు. ఆ సమాజము దీనినే సంవత్సరవ్రతముగాఁ జేసికొనుట యాదృచ్ఛికము గాదని నా యూహ.

అట్లే భర్తకును గొడుకునకును నడుమ నలుగు లీలావతి పాత్ర. ఆమె యెవరిని విడిచినను దన్ను విడిచినట్లే. ఆ వేషము ధరించు పురుషుఁడు పగలు తమిళమున బేరసారములాడి, రాత్రి తెలుఁగున నేడ్చును. ఆ యేడ్పు చూచువారికిఁ గృత్రిమముగాఁ దోఁపదు. హరిశ్చంద్రనాటకమైననో సాక్షాత్తు ప్రవాసకథయే. రాజ్యము పోయి, ఊరు పోయి, ఆలుబిడ్డలు వేఱైపోయి, కాటికాపరియై నిలిచిన రాజునకు మిగిలినదేమి? ఆడిన మాట యొక్కటియే. రాజ్యమున నుండినప్పటికంటె శ్మశానమున నాయన హరిశ్చంద్రుఁడని స్పష్టముగాఁ దెలియును. ఊరు, పదవి, పరిజనము మనుష్యునకుఁ బైబట్టలవంటివనియు, వ్రతమే వాని స్వరూపమనియు నీ కథ చెప్పును. కథలు పురాణములవే యైనను, వీనిని జేపట్టిన వరణమున వలసవచ్చినవారి మనస్సు తెలియుచున్నది.

ఇఁక దోషవిచారము. ఈ నాటకములందు వ్యాకరణదోషములు లేవని నేననను. కొన్నిచోట్ల యతిప్రాసములు సడలును; క్రియారూపములు తడఁబడును. తమిళలిపిలో క-గలకును, త-దలకును, ప-బలకును వేఱు వేఱు వర్ణములు లేవు. మహాప్రాణములకు నసలే లేవు. అట్టి లిపిలో వ్రాసికొన్న తెలుఁగును జదువు బాలుఁడు, ఎచ్చట గకారము పలుకవలెనో, ఎచ్చట ఘకారము పలుకవలెనో గురుముఖమున విని జ్ఞాపకముంచుకొనవలెను. పుస్తకమునఁ గానరాని యక్షరమును జెవిలో దాఁచుకొని పలుకువానిని, పుస్తకము చూచి పలుకు మనము పరిహసించుట న్యాయమా?

ఇచ్చట వైయాకరణుల రెండు సిద్ధాంతములు పనికివచ్చును. ఒక భాగమున వికారము పొందినంతమాత్రమున వస్తువు అన్యము గాదని యొక న్యాయము. తోఁక తెగిన కుక్క కుక్కయే గాని గుఱ్ఱము గాదని దానికి దృష్టాంతము. రెండవది స్థానివద్భావము: ఒకదాని స్థానమున వచ్చిన యాదేశము ఆ స్థానియొక్క ధర్మములను బొందును, కాని వర్ణము నాశ్రయించిన విధియందు మాత్రము పొందదు. ఈ మినహాయింపే నా తీర్పునకు మూలము. జాతి, సంప్రదాయము, కావ్యప్రయోజనము అను విషయములందు మేలట్టూరు నాటకము తెలుఁగు నాటకమే. స్థానికిఁ గల హక్కులన్నియు దానికిఁ జెల్లును. వర్ణము నాశ్రయించిన యతిప్రాసాదులయందు మాత్రము అది తన గుణదోషములకుఁ దానే బాధ్యము; అచ్చట దాక్షిణ్యము పనిలేదు. దోషమున్నచో దోషమనుఁడు. దోషమున్నది గాన నిది మాది కాదనకుఁడు. ఈ రెండవ వాక్యము విమర్శ గాదు, వెలివేఁత.

ఏ లక్షణగ్రంథముతో మనమీ దోషములను గొలుచుచున్నామో ఆ బాలవ్యాకరణమును రచించిన పరవస్తు చిన్నయసూరి జన్మస్థలము శ్రీపెరుంబూదూరు. తమిళదేశమున జన్మించి చెన్నపట్టణమునఁ బాఠము చెప్పిన తెలుఁగువాఁడు మనకుఁ దెలుఁగు సాధుత్వమును నిర్ణయించెను. దక్షిణదేశనివాసమే భాషాచ్యుతికి హేతువైనచో మన కొలబద్దయే ముందు విఱుగును.

ఊరు విడువని మనము మాఱకుండ నుంటిమా యని యడుగవలసియున్నది. కూచిపూడికిఁ గుతుబుషాహి ప్రభువైన తానీషా యగ్రహారమొసఁగెనని మన పరంపర. అనఁగా మన నివాసమును బ్రభుదత్తమే. 20వ శతాబ్దమున వేదాంతం రాఘవయ్య, వెంపటి పెదసత్యం, వెంపటి చినసత్యం గార్లు మదరాసునకుఁ బోయిరి. చినసత్యముగారు 1963లో నచ్చట స్థాపించిన కూచిపూడి ఆర్ట్ అకాడమీలో శిక్షణ పొందినవారిలోఁ బెక్కురు స్త్రీలు. రాత్రియంతయు నాడెడి భాగవతము గడియలతోఁ గొలుచు నృత్యప్రదర్శనమయ్యెను. మా గ్రామము పేరు గ్రామమునకుఁ గాక నృత్యమునకుఁ బేరై దేశాంతరములఁ దిరుగుచున్నది. వేదాంతం సత్యనారాయణశర్మగారు 2012లోఁ గీర్తిశేషులగువఱకు సత్యభామవేషము ధరించి పాతమార్గమును నిలిపిరి. ఈ మార్పులను నేను నిందింపను, కొన్ని మేలైనవి. కాని పోయినవారు పురుషవేషధారణమును, జయంతివ్రతమును, రాత్రినాటకమును నిలుపుకొనఁగా, ఉన్నవారు వానిలోఁ బెక్కింటిని మార్చుకొనిరి. స్థానమున నున్నంతనే స్వరూపము నిలుచునను నమ్మకము ఇచ్చట నిలువదు.

మూఁడవ హేతువగు భక్తిని విచారించి ముగించెదను. పాణినీయమున భక్తియనఁగా నాసక్తి, ఆదరము. అపూపములయందుఁ బ్రీతిగలవాఁడు ఆపూపికుఁడు. శాస్త్రము భక్ష్యప్రియునకుఁ గూడఁ బేరిచ్చినది. తంజావూరు నేలిన షహాజీ (1684–1712) అభిజనమున మహారాష్ట్రుఁడు, నివాసమునఁ దమిళదేశస్థుఁడు. తెలుఁగుతో నాయనకు నివాసము లేదు, అభిజనము లేదు. అయినను దెలుఁగునఁ బల్లకిసేవాప్రబంధములను రచించెను. ఆయన భక్తి చేతఁ దెలుఁగువాఁడు. మేలట్టూరున రాత్రి తెల్లవాఱువఱకు తమ భాష గాని నాటకమును జూచు తమిళగ్రామస్థులును, ఈ నాటకములను 20వ శతాబ్దమున లోకమునకుఁ దెలిపిన ఇ. కృష్ణయ్యరును అట్టివారే. ఆ నేల భూమినిచ్చెను, కావేరినీళ్లిచ్చెను, సంగీతమునిచ్చెను, వినెడి చెవినిచ్చెను. కావున నాలుగువందల యేండ్లుగా నచ్చట నున్నవారిని నేఁటికిని అతిథులనుట యా నేలకుఁ గృతఘ్నత. వారు తమిళదేశస్థులే, తెలుఁగువారును అగుదురు. ఈ 'యును' అను సముచ్చయమునే పాణిని యభిజనసూత్రమునఁ జకారముగాఁ జదివెను.

అట్లైన నెవ్వఁడైనను దెలుఁగువాఁడే యగునా యని యాక్షేపింతురేమో. కాఁడు. భక్తికిఁ జేఁతయే ప్రమాణము. అభిజనము కేవలము ఇంటిపేరున మిగిలినచో నది గర్వమునకే యుపయోగపడును. ఈ నాటకములు కొన్ని గ్రామముల నాగిపోయెను. ఆ గ్రామములవారి పూర్వులును అచ్చటివారి పూర్వులవంటివారే. మేలట్టూరున నిలిచినదనఁగా, ఏఁటేట నెవరో పాఠము చెప్పిరి, ఎవరో వల్లించిరి, ఎవరో దీపముల నూనెకు ద్రవ్యమిచ్చిరి. వలసవచ్చినవాని స్వరూపము వానికిఁ బిత్రార్జితముగా దానంతటది రాదు. అభ్యాసముచే నిలుచును, అభ్యాసము మానిన లోపించును.

కావున నా ప్రార్థనలు రెండు. ఈ నాటకములను దెలుఁగులిపిలోఁ బరిష్కరించువారు వాడుకలోని పాఠమునే మూలమున నుంచి, తాము సాధువనుకొన్న రూపమును గ్రింద సూచింపవలెను, నిశ్శబ్దముగా దిద్దరాదు. పాఠశాలలలోఁ దెలుఁగు చెప్పు పండితులు యక్షగానపాఠము వచ్చినప్పుడు ఈ నాటకములలో నొకదానినైనఁ బిల్లలకుఁ బరిచయము చేయవలెను. యతిదోషమును జూపింపవలెను, ఆ దోషమున్న పద్యమును దరతరములుగా మోసినవారినిఁ గూడఁ జూపింపవలెను.

తెలుఁగున 'మా' యన్నచో వినువాఁడు వెలుపల నుండును. 'మన' యన్నచో లోపల నుండును. ఈ భేదము సంస్కృతమున లేదు. కూచిపూడిని 'మన యూరు' అని యా వృద్ధుఁడు పలికినప్పుడు నన్నుఁ దన యూరిలోఁ జేర్చుకొనెను. సర్వనామప్రయోగమున నాయన తెలుఁగు నిర్దుష్టము. నేను గ్రియాపదమును దిద్ది యాయనను నా భాషనుండి వెలుపలికిఁ బంపితిని. పిమ్మట నాయన యాశ్రయించిన సంస్కృతమున 'మన' యని చెప్పుటకు వీలు లేకపోయెను. ఈ వ్యాసము ఆ దిద్దుబాటునకు నేను జేసికొన్న దిద్దుబాటు. ఇందలి యుక్తులలో లోపమున్నచోఁ బండితులు సూచింతురు గాక.